గడువును క్షమయును

కాలమును, కార్యమును గూర్చిన యొక పాఠము

1. పాఠోద్దేశము



కాలము విలువ గలదని చెప్పుటకు మనవంటివారికి వేఱుగ పాఠ మక్కరలేదు. సోమరితనము దుర్గుణమనియు, వేకువనే లేచుట సద్గుణమనియు, నేటి పనిని రేపటికి త్రోయరాదనియు చిన్ననాటనుండియు పాఠశాలలోను, గృహములోను వినుచునే యున్నాము. ఈ బోధ మంచిదే. కాని యెంత మంచి బోధయైనను హద్దు దాటినచో కీడు చేయును. కాలమును వృథాపుచ్చరాదని నేర్చుకొన్న మనము, కాలమునకు దాసులము కారాదని నేర్చుకొనలేదు. అంతకంటె విచారింపవలసిన సంగతి మఱియొకటి కలదు. మన తొందరకు మూల్యము చెల్లించువారు తఱచుగా మనము కాము. మనయొద్ద పనిచేయువారును, మన యింటనున్నవారును చెల్లించుచున్నారు. ఈ సంగతిని నేను పుస్తకములవలన గాక, నాదైన యొక తప్పువలన నేర్చుకొంటిని. ముందుగా దానిని విన్నవించి, పిమ్మట దానినుండి తేలిన విషయములను మీ విచారణకు సమర్పించెదను.

2. ఒక యంకెలోని తప్పు

నేను ఇరువదియేండ్లకు పైబడి న్యాయవాదవృత్తి యందున్నవాడను. కాలనియమము విషయమున నాకు కొంత పేరు కలదు. వాయిదాకు ఆలస్యముగ పోయినవాడను కాను. సభ కాఱుగంటలకన్నచో అయిదుముప్పావునకే పోయి కూర్చుండువాడను. ఈ పేరు నాకు గర్వకారణమై యుండెను.

కొన్ని సంవత్సరములక్రిందట, వేసవిసెలవులకు ముందు కోర్టుపని మిక్కుటముగ నున్న కాలమున, నా గుమాస్తాను రెండునెలలపాటు ఉదయము ఎనిమిది గంటలనుండి రాత్రి పది గంటలవరకు ఆఫీసులోనే యుంచితిని. ఆదివారములు సైతము విడిచిపెట్టలేదు. ఇంటికి పోయిన పిమ్మట గూడ ఫోనుమీద వర్తమానములు పంపుచుంటిని. నేనును అంతకాలము కూర్చుండి పనిచేయుచున్నాను గనుక ఇందులో అన్యాయ మేమియు లేదని తలచితిని. ఫీజు నాది, పేరు నాది. ఆతనికి మాత్రము ఎప్పటి జీతమే యను భేదము నాకు తోపనేలేదు.

ఆ దినములలో ఒక చిన్న రైతు తన పొలము గట్టు తగవులో క్రిందికోర్టున ఓడి నాయొద్దకు వచ్చెను. ఎకరమున్నర భూమి, ఆతనికి సర్వస్వ మదియే. పైకోర్టునకు అప్పీలు చేసికొనుటకు గడువు ఆఱవ తేదీతో ముగియుచుండెను. గుమాస్తా డైరీలో పదునాఱవ తేదీగా వ్రాసెను. ఆ పుటను నేనును చూచితిని. చూచి పొడిచేవ్రాలు చేసితిని. పదునాఱవ తేదీన దాఖలు చేయబోవగా గడువు దాటి పది దినములైనదని కోర్టు ఉద్యోగి తెలిపెను.

నాకు పట్టరాని కోపము వచ్చెను. పదునొకండేండ్లు నాయొద్ద పనిచేసిన మనుష్యుని మరునాడే పంపివేయ నిశ్చయించితిని. ఆతడు నా యెదుట నిలిచి, "అయ్యగారూ, ఆ యంకెను కంటితో చూచితిని గాని బుద్ధి కెక్కలేదండి. ఆ నెలలో ఏ దినము ఏ వారమో కూడ నాకు తెలియకపోయెను" అనెను. నీ పిల్లలతో కూర్చుండి పగటిభోజనము చేసి యెన్నాళ్లైనదని యడిగితిని. ఆతడు లెక్కించి లెక్కించి, చెప్పలేక ఊరకుండెను.

ఆ రాత్రి జాప్యమును క్షమింపుమని కోర్టునకు దరఖాస్తు వ్రాయ కూర్చుంటిని. అట్టి దరఖాస్తుతో ప్రమాణపత్రమొకటి జతచేయవలెను. అందు జాప్యమునకు కారణమును సత్యముగ తెలుపవలెను. కారణము వెదకుకొలది అది నా యెదుటికే వచ్చుచుండెను. అంకె తప్పు వ్రాసిన చేయి గుమాస్తాది. ఆ చేతిని అంతగా అలసటపెట్టిన వాడను నేను. అట్లే వ్రాసితిని. కోర్టువారు ఖర్చులు చెల్లించు షరతుపై జాప్యమును క్షమించిరి. ఆ ఖర్చులను నేనే చెల్లించితిని. రైతు అప్పీలు విచారణకు వచ్చెను. ఉదయము కోర్టునందు క్షమ వేడి పొందినవాడు, సాయంకాలము తన గుమాస్తాను క్షమింపక పంపివేయుట యెట్లు? ఆతడు నేటికిని నాయొద్దనే యున్నాడు.

ఈ సంగతి కొంతకాలము నన్ను వెన్నాడెను. కాలమనగా నేమి? ఎక్కువకాలము పనిచేసినచో ఎక్కువపని యగునా? విశ్రాంతి యెవరి హక్కు? ఈ మూడు ప్రశ్నలను వరుసగా విచారింతము.

3. గడియారము మనుష్యుల యొడంబడిక

మన పూర్వులు దినమును 60 గడియలుగా విభజించిరి. గడియ యనగా 24 నిమిషములు. ఏడున్నర గడియలు ఒక జాము. ఎనిమిది జాములు ఒక దినము. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచినచో, అది నిండి మునుగుటకు పట్టు కాలమును గడియగా కొలుచు పద్ధతి యుండెను. పొలమునకు పోవువాడు జాము ప్రొద్దెక్కినదని నీడనుబట్టి యెఱుగును గాని నిమిషము నెఱుగడు. ఎఱుగవలసిన యవసరమును లేకుండెను.

నిమిషములు మన బ్రదుకులోనికి ముఖ్యముగ రైలుబండితో వచ్చినవి. సూర్యుడు ఆకాశమున ఒక్కొక్క డిగ్రీ దాటుటకు 4 నిమిషములు పట్టును గనుక, ఒక్కొక్క యూరి మధ్యాహ్నము ఒక్కొక్క సమయమున వచ్చును. మన దేశపు తూర్పుకొనకును పడమటికొనకును ఇంచుమించు రెండుగంటల భేదము కలదు. మదరాసు వేధశాల యాధారముగ 1802లో ఏర్పడిన మదరాసు కాలమును పిమ్మట రైళ్లు ప్రమాణముగ గైకొనెను. 1906 జనవరి 1వ తేదీనుండి, 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము ననుసరించి దేశమున కంతకును ఒకే కాలము విధింపబడెను. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది. అయినను కలకత్తావారు 1948 వరకును, బొంబాయివారు 1955 వరకును తమ పాత కాలమును పూర్తిగ విడిచిపెట్టలేదు. ఒకే నగరమున రెండు గడియారములు రెండు కాలములను చూపుచుండ, జనులు ఏ గడియారము ప్రకారమని అడిగి తెలిసికొనవలసి వచ్చెడిది.

దీనివలన తేలిన దేమి? పగలు, రాత్రి, ఋతువు - ఇవి ప్రకృతిసిద్ధములు. గంట, నిమిషము, ఆఫీసువేళ - ఇవి మనుష్యులు తమ సౌకర్యమునకై చేసికొన్న యేర్పాటులు. సమయ మను మాటయే ఈ సంగతిని తెలుపుచున్నది. సంస్కృతమున ఆ శబ్దమునకు కాలమను నర్థమే కాక ఒడంబడిక, కట్టుబాటు అను నర్థములును కలవు. ఆఱుగంటలకు వచ్చెద నన్నవాడు ఒక కాలమును చెప్పుటయే కాదు, ఒక మాట యిచ్చుచున్నాడు.

ఒడంబడిక యన్నచో దానికి ధర్మము కలదు. ఇరుపక్షములును దానికి కట్టుబడవలెను. ఒకపక్షపు సమ్మతి బలవంతముచే పొందినదైనచో, ఆ యొడంబడికను రద్దుపరచుకొను హక్కును 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ఆ పక్షమున కిచ్చుచున్నది. నేను నా గుమాస్తాను రాత్రి పదిగంటలవరకు ఉంచినపుడు ఆతని సమ్మతి నడిగితినా? ఆతడు కాదన లేడని యెఱిగి, కాదనలేదు గనుక సమ్మతించెనని తలచితిని. చట్టము చదివినవాడు చేయదగిన తలపు కాదిది.

4. అధికకాలము పనిచేసినచో అధికఫలము కలుగునా?

దయ మంచిదే కాని పని సాగవలెను గదా యని కొందఱందురు. కావున కేవలము దయనుబట్టి గాక, లెక్కలనుబట్టియు చూతము.

జర్మనీ దేశమున యేనా పట్టణమున అద్దములు, సూక్ష్మదర్శనులు చేయు త్సైస్ కర్మాగారమును నడపిన ఎర్నెస్ట్ ఆబే యను శాస్త్రజ్ఞుడు 1900లో కార్మికుల దినపు పనిని 9 గంటలనుండి 8 గంటలకు తగ్గించెను. వారు చేసిన పనిని ముందును, తరువాతను లెక్కవేయించి చూడగా, కాలము తగ్గినను దినపు పని తగ్గలేదు. చూపు, చేయి, మనస్సు ఒక్కటై పనిచేయవలసిన వృత్తిలో అలసిన గంట గంట కాదని ఆతడు గ్రహించెను.

1914వ సంవత్సరమున ఆరంభమైన మహాయుద్ధకాలమున బ్రిటనులో మందుగుండు సామగ్రి చేయు కర్మాగారములలో స్త్రీలు వారమునకు 70 గంటలవరకు పనిచేసిరి. దేశమునకు గుండ్లు కావలసియుండెను గనుక, ఎక్కువ గంటలు పనిచేసినచో ఎక్కువ గుండ్లు వచ్చునని యధికారులు నమ్మిరి. అప్పటి లెక్కలను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు జాన్ పెంకావెల్ 2014లో మరల పరిశీలించెను. వారమునకు 48, 49 గంటలవరకు కాలము పెరిగినకొలది పని అదే పాళమున పెరిగినది. ఆపైన పెరుగుదల మందగించినది. 70 గంటలు పనిచేసినవారి ఫలమునకును, 56 గంటలు పనిచేసినవారి ఫలమునకును భేదము మిక్కిలి స్వల్పము. అనగా ఆ పైని 14 గంటలు ఇంచుమించు వ్యర్థముగ పోయినవి; ఆరోగ్యముమాత్రము వానితోకూడ పోయియుండును.

ఆరోగ్యమును గూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు కలిసి 2021లో ఒక యంచనాను ప్రకటించినవి. వారమునకు 55 గంటలు, అంతకుమించి పనిచేయుటవలన కలిగిన పక్షవాతము, హృద్రోగములచేత 2016వ సంవత్సరములో లోకమున సుమారు 7,45,000 మంది మరణించిరని దాని సారాంశము. 2023లో మన దేశమున ఒక ప్రముఖ పారిశ్రామికుడు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సలహా యిచ్చినపుడు పెద్దచర్చ జరిగినది. ఆ సలహా దేశభక్తితో నిచ్చినదే యై యుండవచ్చును. కాని దేశభక్తి లెక్కను మార్చలేదు. పొలమును విడువక పండించు రైతు సారము పోగొట్టుకొనును. ఒక కారు బీడు విడిచిన పొలము మరుసటి కారున ఆ నష్టమును తీర్చును. ఇది మన పల్లెలలో చదువురాని వానికిని తెలిసిన సంగతి. మనుష్యుని విషయమున మాత్రము మనమది మఱచుచున్నాము.

5. విశ్రాంతి యెట్లు లభించినది?

వారమునకొక సెలవు లోకారంభమునుండి యున్నదని మనలో కొంద ఱనుకొందురు. అది ఒకరు ఇయ్యగా వచ్చినది కాదు; అడుగగా అడుగగా వచ్చినది. 1881 నాటి ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదనియు, పండ్రెండేండ్లలోపు వారిచే దినమునకు 9 గంటలకు మించి పనిచేయింపరాదనియు విధించెను. ఎనిమిదేండ్ల బిడ్డ 9 గంటలు యంత్రమువద్ద నిలుచుట ఆనాడు సంస్కరణము! పెద్దవారి గంటలను గూర్చి ఆ చట్టమున మాటయే లేదు. బొంబాయి మిల్లులలోని పనివారి పక్షమున నారాయణ మేఘాజీ లోఖండే చాలకాలము పాటుపడగా, 1890లో అచ్చటి మిల్లుయజమానులు వారమునకొక సెలవుదినమున కంగీకరించిరి. 1891 చట్టము దానిని శాసనముగ చేసినది. స్త్రీల పనిని దినమునకు 11 గంటలకు పరిమితము చేసినది. 1911లో నేతమిల్లుల పురుషులకు దినమునకు 12 గంటలు. 1922లో వారమునకు 60. 1934లో ఏడాది పొడుగున నడచు కర్మాగారములకు 54. 1948లో 48 - ఇట్లు మెట్టుమెట్టుగ దిగివచ్చినది.

ఇందు సంస్కర్తల పాత్ర చిన్నది కాదు. కలకత్తా చేరువనున్న బరానగరమున బ్రాహ్మసమాజీయుడైన శశిపద బెనర్జీ 1870లో జనపమిల్లుల కార్మికులకై యొక సంఘమును, వారికొఱకు రాత్రిపాఠశాలలను స్థాపించెను. 1874లో "భారత శ్రమజీవి" యను పత్రికను వెలువరించెను. కార్మికునకు చదువు కావలెనని చెప్పుటతో ఆయన పని ముగియలేదు. చదువుకొనుటకు తీరిక కావలెనను ప్రశ్న ఆ రాత్రిపాఠశాలలలోనే ఎదురగుచుండెను. పగలంతయు మిల్లులో నలిగి వచ్చినవానికి దీపము వెలిగించినంతమాత్రమున అక్షరములు కనబడునా? ఇరువదవ శతాబ్దమునకు వచ్చునప్పటికి ఈ తలపు లోకమంతట నంగీకృతమైనది. 1948 నాటి విశ్వమానవహక్కుల ప్రకటన 24వ అధికరణమున విశ్రాంతిని, తీరికను ప్రతి మనుష్యుని హక్కుగ చేర్చెను. మన రాజ్యాంగమును 43వ అధికరణమున, జీవింపదగిన వేతనముతోపాటు తీరికను సంపూర్ణముగ అనుభవించు స్థితిని పనివారందఱికి కలుగజేయుటకై రాజ్యము యత్నింపవలెనని యాదేశించుచున్నది. తీరిక ధనవంతుల యలంకారము కాదని, పనివాని భాగమని, ఈ దేశము తన మూలశాసనమున వ్రాసికొన్నది.

కాని చట్టము చొరని చోటొకటి కలదు. అది మన యిల్లు. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, ఇంటిపనిలో పాల్గొను పురుషులు 97 నిమిషములును జీతము లేని గృహకృత్యములకు వెచ్చించుచుండిరి. ఈ లెక్కను చూచినపుడు నా కాలనియమమును గూర్చి నాకు మిక్కిలి సిగ్గు కలిగెను. నేను తొమ్మిదిన్నరకు తప్పక కోర్టునకు పోవుటకై నా భార్య అయిదుగంటలకు లేచుచుండెను. నేను సభకు ముందుగ పోవుటకై ఆమె కాఫీ త్రాగుట వాయిదాపడుచుండెను. వాయిదాల లెక్క నాకు తెలుసు; ఆమె వాయిదాలను మాత్రము ఏ డైరీలోను వ్రాసికొనలేదు. మనలో పలువురి క్రమశిక్షణ యిట్టిదే. దాని పేరు మనది, భారము ఇతరులది.

6. కాలపరిమితి చట్టము చెప్పు హితవు

కాలము విషయమున మిక్కిలి కఠినమైనదని లోకులు తలచు చట్టమొకటి కలదు. అది 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము. అప్పు సొమ్మునకు దావా మూడేండ్లలో వేయవలెను. హక్కునుబట్టి స్థిరాస్తి స్వాధీనమునకు పండ్రెండేండ్లలో వేయవలెను. గడువు దాటినచో, ప్రతివాది నోరు తెఱచి చెప్పకపోయినను, కోర్టు తానే ఆ దావాను కొట్టివేయవలెను. ఇంత కఠినమైన శాసనమునందును అయిదు విధముల కరుణ ఇమిడియున్నది. ఇవి మన గృహములకును, ఆఫీసులకును, మన మనస్సులకును వర్తింపజేసికొనదగినవి.

మొదటిది: గడువు లెక్కించునపుడు ఆరంభదినమును లెక్కింపరాదు. క్రొత్తగ చేరిన గుమాస్తాకు, క్రొత్త తరగతికి వచ్చిన బాలునకు, క్రొత్తగ కాపురమునకు వచ్చిన కోడలికి తొలిదినములు లెక్కకు రాకుండవలెను. మొదటి వారముననే ఇంత మందకొడివాడా యని తీర్పు చెప్పువాడు చట్టమునకంటె కఠినుడు.

రెండవది: తీర్పునకు నకలు పొందుటకు పట్టిన కాలమును అప్పీలుదారు కాలమునుండి తీసివేయవలెను. అనగా ఇతరులవలన కలిగిన యాలస్యమును ఒకని మెడకు కట్టరాదు. మనము కాగితము ఆలస్యముగ ఇచ్చి, పని ఆలస్యమైనదని క్రిందివానిని గద్దించుట ఆఫీసులలో నిత్యము జరుగు నన్యాయము.

మూడవది: గడువు ముగియు దినమున కోర్టు మూసియున్నచో, తెఱచిన దినమున దాఖలు చేయవచ్చును. మూసియుండు దినము ఉండవచ్చునని చట్టమే యొప్పుకొన్నది. మన మనస్సులకును, మన ఫోనులకును అట్టి మూసిన దినమొకటి కావలెను.

నాలుగవది: హక్కు కలిగిన దినమున మైనరుగ నున్నవానిపై, మతి చెడియున్నవానిపై ఆ స్థితి తొలగువరకు గడువు నడవదు. పసివారికి, రోగులకు, వృద్ధులకు మన గడియారమును వర్తింపజేయరాదు. పసివాడు చెప్పు తొడిగికొనుటకు పది నిమిషములు తీసికొనును. ఆ పదినిమిషములు వానివి.

అయిదవది: తగిన కారణము చూపినచో అప్పీలు విషయమున జాప్యమును క్షమింపవచ్చును. ఈ యధికారమును చాదస్తముగ గాక వివేకముతో, ఉదారముగ వినియోగింపవలెనని, ప్రతి జాప్యమును దురుద్దేశపూర్వకమని తలపరాదని సుప్రీముకోర్టు 1987లో ఒక తీర్పునందు విశదీకరించెను. కాని యీ క్షమకు రెండు నియమములు కలవు: కారణము చెప్పవలెను, అది సత్యమై యుండవలెను. తలచిన పనిని ముగింపలేకపోయిన దినమున మనము చేయున దేమి? మనల మనమే నిందించుకొని, మరునాటికి రెండింతల పని పెట్టుకొని, మరల విఫలులమగుచున్నాము. అట్లుగాక, ఎందుచేత తప్పెనో యొక పంక్తిలో వ్రాసికొన్నచో కారణము తెలియును. కారణము నిర్లక్ష్యమైనచో దిద్దుకొనవలెను, అలసటయైనచో నిద్రింపవలెను, పని మన శక్తికి మించినదైనచో తగ్గించుకొనవలెను.

గడువు లేనిచో న్యాయము సాగదు. క్షమ లేనిచో న్యాయము న్యాయము కాదు. ఈ రెండును కలిసియుండుటయే కాలముతో మనము కలిగియుండవలసిన సంబంధము.

7. ఆక్షేపణలు

ఇచట పెద్దలు ఒక యాక్షేపణ చేయుదురు: మనవారు అసలే కాలనియమము లేనివారు, అయిదింటి సభ ఆఱింటికి ఆరంభమగును, వీరికి విశ్రాంతిని బోధించుట యేమి? నా సమాధాన మిది. ఆలస్యముగ వచ్చువాడు విశ్రాంతి తీసికొనుచున్నవాడు కాడు. ముందుగ వచ్చి కూర్చున్న నలువదిమంది విశ్రాంతిని హరించుచున్నవాడు. ఇతరులకిచ్చిన మాట విషయమున నిమిషమైనను తప్పరాదు. కాని తాను కల్పించుకొన్న పనుల పట్టిక విషయమున, తన క్రిందివారి శక్తి విషయమున కఠినుడు కారాదు. మొదటిది కాలనియమము, రెండవది కాలలోభము. ఈ రెంటిని ఒక్కటిగ తలచుటయే మన పొరపాటు.

కూలి దొరకినగాని పొయ్యి వెలుగని వానికి విశ్రాంతి మాటలు పరిహాసము కావా యని మఱియొక యాక్షేపణ. ఇది సత్యమే, కావుననే ఈ పాఠము వానికి గాక మనకు వ్రాయబడినది. జీతము కోసివేసి ఇచ్చు సెలవు సెలవు కాదు, దండనము. మన యింటి వంటమనిషికి, పనిమనిషికి, కారునడపువానికి వారమున కొకదినము జీతముతో సెలవిచ్చుటకు ఏ చట్టముకొఱకును మనము వేచియుండ నక్కరలేదు.

8. ఆచరణము

ఈ విచారమువలన నేను చేసికొన్న యేర్పాటులను, అవి పరిపూర్ణములని గాక, పరీక్షింపదగినవని విన్నవించుచున్నాను.

దినమును గంటలుగ ముక్కలుచేయక ఎనిమిది జాములుగ భావించుచున్నాను. రెండున్నర జాములు నిద్రకు. మూడుజాములు, రాకపోకలతో సహా, వృత్తికి. మిగిలిన రెండున్నర జాములు స్నానభోజనములకు, ఇంటిపనికి, కుటుంబమునకు, చదువునకు. ఒక భాగమునుండి అప్పు తీసికొన్నచో ఆ వారములోనే తీర్చుచున్నాను. ఒక దినమునకు మూడు ముఖ్యకార్యములకు మించి వ్రాసికొనను.

ఆఫీసు ఆఱున్నరకు మూయబడును. ఎనిమిదింటికి పిమ్మట గుమాస్తాకు ఫోనుచేయను. తోచినదానిని కాగితముపై వ్రాసి ఉదయము చెప్పుదును. ఆదివారము ఆఫీసు తెఱవను. గడువుల తేదీలను ఉదయము, బుద్ధి తేరియున్న వేళ, ఇద్దరము వేఱువేఱుగ లెక్కించి సరిచూచుకొందుము. వేకువ కాఫీ కాచుట నా వంతు. ఈ చిన్న యుద్యోగమున నేను ఇంకను మైనరును గనుక, మా యింటివారు జాప్యమును క్షమించుచున్నారు.

ఇందువలన నష్టము లేదని చెప్పినచో అసత్యమగును. కొన్ని కేసులను ఒప్పుకొనలేక పంపివేసితిని. ఆదాయము కొంత తగ్గినది. తొలి సంవత్సరము అది నాకు కష్టముగనే తోచినది. కాని యొప్పుకొన్న కేసును చదువుచున్నాను. పూర్వము పుటలు త్రిప్పుచుంటిని. డైరీలో మరల అట్టి తప్పు దొరలలేదు. గుమాస్తా పెద్దకుమార్తె ఈ యేడు పదవ తరగతి పరీక్షకు కూర్చున్నది. సాయంకాలములు ఆతడే ఆమెకు లెక్కలు చెప్పెనట. ఆ గంటలు పూర్వము నా ఫీజుపుస్తకములో నుండినవి.

మిత్రులారా, ఈ వారాంతమున మీ డైరీని తెఱచి, మీ కాలనియమమునకై ఎవరెవరు ఎన్నిగంటలకు లేచుచున్నారో, ఎన్నిగంటలకు పరుండుచున్నారో వారినే యడిగి వ్రాసికొనుడు. వారు చెప్పుటకు సంకోచింతురు. ఓపికతో మరల యడుగుడు. ఆ పుట నిండిన పిమ్మట మీ మరుసటి వారపు పనుల పట్టికను వ్రాయుడు.